వాల్వుకి మరమ్మతు, పక్కనే దారి మార్చుకున్న రక్తనాళం

వాల్వు ఆపరేషన్‌కి ముందు యాంజియోగ్రామ్ తీయించుకున్నాక ఇంట్లోవాళ్ల కళ్లన్నీ రిపోర్టు చివరి లైను మీదే ఉంటాయి. బ్లాకులు ఉన్నాయా, లేవా? లేవని ఉంటే ఒక పెద్ద బరువు దిగినట్టే. కాగితం మడిచి ఫైల్లో పెట్టేసి టిఫిన్‌కి బయల్దేరతారు. విజయవాడ సూర్యారావుపేటలో అయినా, గుంటూరు కొత్తపేటలో అయినా ఇదే వరస. కానీ కొద్దిమంది రిపోర్టుల్లో ఆ చివరి లైనుకి కాస్త పైన ఇంకో వాక్యం ఉంటుంది. సర్కమ్‌ఫ్లెక్స్ అనే ధమని ఎడమ వైపు పుట్టాల్సింది కుడి వైపు పుట్టిందనీ, బృహద్ధమని వెనక నుంచి చుట్టి వెళుతోందనీ దాని సారాంశం. బ్లాకు కాదు కదా అని చాలామంది దాన్ని వదిలేస్తారు. చదివినవాళ్లేమో ఫోన్లో వెతికి, రాత్రంతా టెన్షన్ పడతారు. నిజానికి ఆ వాక్యం రేపు సర్జన్ సూది ఎక్కడ దిగాలో, ఎంత లోతుకి దిగాలో చెబుతుంది. వదిలేయాల్సింది కాదు, హడలిపోవాల్సిందీ కాదు.

గుండె జబ్బుల్ని మనం రెండు ఖాతాలుగా చూడటానికి అలవాటు పడ్డాం. బ్లాకులు, స్టెంట్లు, బైపాస్ ఒక ఖాతా. వాల్వు లీకవడం, వాల్వు సన్నబడటం ఇంకో ఖాతా. ఆస్పత్రి కౌంటర్లో ప్యాకేజీలు కూడా అలాగే విడివిడిగా ఉంటాయి. ఛాతీ లోపల మాత్రం వాల్వులూ, గుండె కండకి రక్తం తీసుకెళ్లే ధమనులూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఒకదానికి మరమ్మతు చేస్తున్నప్పుడు రెండోది ఎక్కడుందో తెలియకపోతే ఎలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ధమనులు ఎక్కడ మొదలవుతాయో ముందు చూద్దాం. గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం బృహద్ధమని. దాని మొదట్లోనే అయోర్టిక్ వాల్వు ఉంటుంది. వాల్వు రెక్కలకి కాస్త పైన కుడి వైపు ఒక రంధ్రం, ఎడమ వైపు ఒక రంధ్రం ఉంటాయి. కుడి, ఎడమ కరొనరీ ధమనులు బయల్దేరేది అక్కడి నుంచే. బెజవాడవాళ్లకి దీన్ని చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ గేట్లు దించితే నీళ్లు నిలబడి ఇటు బెజవాడ వైపు తూర్పు కాలువలోకీ, అటు సీతానగరం వైపు పశ్చిమ కాలువలోకీ మళ్లుతాయి. గుండెలోనూ వాల్వు మూసుకుని కండ సేదతీరే ఆ కాస్త సమయంలోనే బృహద్ధమనిలో నిలిచిన రక్తం ఈ రంధ్రాల్లోకి ఎక్కువగా పారుతుంది. ముఖ్యంగా ఎడమ ధమనికి రక్తం ఎక్కువగా అందేది అప్పుడే. తూర్పు కాలువ ఊళ్లోకి రాగానే బందరు, ఏలూరు, రైవస్ కాలువలుగా చీలినట్టు ఎడమ ధమని కూడా చీలుతుంది. ఒక కొమ్మ గుండె ముందు భాగం మీదుగా కిందికి దిగుతుంది. యాంజియో చేయించుకున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే ఎల్‌ఏడీ అదే. రెండో కొమ్మ ఎడమ పక్కగా తిరిగి గుండె చుట్టూ వెనక్కి పోతుంది. అదే సర్కమ్‌ఫ్లెక్స్.

ఇప్పుడు మైట్రల్ వాల్వు సంగతి. ఇది ఎడమ పై గదికీ, ఎడమ కింది గదికీ మధ్య ఉంటుంది. రెండు రెక్కలు, వాటిని పట్టి ఉంచే సన్నని తంతువులు, ఆ తంతువులు అతుక్కున్న కండరాలు, రెక్కల మొదళ్లు కలిసే గుండ్రటి అంచు. అన్నీ కలిసి పనిచేస్తేనే వాల్వు సరిగ్గా మూసుకుంటుంది. ఆ అంచుని యాన్యులస్ అంటారు. సర్కమ్‌ఫ్లెక్స్ ధమని వెళ్లేది ఈ అంచుకి బయట, రెండు గదులు కలిసే గాడిలో, కొవ్వు మధ్యలో. అంచుకీ ధమనికీ మధ్య దూరం మనిషి మనిషికీ మారుతుంది. కొందరిలో సెంటీమీటరు దాకా ఖాళీ ఉంటుంది. కొందరిలో రెండు మూడు మిల్లీమీటర్లే.

వాల్వు రిపేరు అనగానే చిరిగిన రెక్కని కుట్టడమే అనుకుంటాం. అది సగమే. లీకయ్యే మైట్రల్ వాల్వుల్లో చాలా వాటికి అంచు కూడా సాగిపోయి ఉంటుంది. రెక్కని సరిచేసి, తెగిన తంతువుకి బదులు కృత్రిమ దారం వేశాక, ఆ అంచుని తిరిగి తగిన కొలతకి తెచ్చి అలాగే నిలబెట్టడానికి ఒక రింగు కుడతారు. ఫ్రెంచి సర్జన్ అలెన్ కార్పాంతియే 1960ల చివర్లో ఈ రింగుల పద్ధతికి బాట వేశారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ మైట్రల్ రిపేరు జరిగినా దాదాపు ఆయన గీసిన దారిలోనే జరుగుతోంది. రింగు నిలవాలంటే అంచు చుట్టూ వరసగా కుట్లు పడాలి. ప్రతి కుట్టుకీ సూది కొన్ని మిల్లీమీటర్ల మేర కణజాలంలోకి దిగి మళ్లీ పైకి వస్తుంది. మరీ పైపైన వేస్తే రింగు ఊడుతుంది. మరీ లోతుకి పోతే అవతల ఉన్న ధమని సూదికి దొరుకుతుంది.

సర్జన్‌కి ఆ ధమని కనిపించదా అని అడగొచ్చు. కనిపించదు. ఆయన ఎడమ పై గదిని తెరిచి లోపలి నుంచి వాల్వుని చూస్తుంటాడు. ధమని ఉండేది ఆ గోడకి అవతలి వైపు. పైగా ఆ సమయానికి గుండె ఆగి ఉంటుంది, ధమని కొట్టుకోదు. తనకున్న శరీర నిర్మాణ జ్ఞానం, ముందురోజు చూసిన యాంజియో, ఎకో బొమ్మలు మాత్రమే ఆయనకి ఆధారం.

ధమనికి దెబ్బ రెండు రకాలుగా తగలొచ్చు. కుట్టు నేరుగా ధమనిలోంచి పోయి దాన్ని బిగించేయడం ఒకటి. రెండోది ఇంకాస్త మాయదారిది: కుట్టు ధమనిని తాకనే తాకదు, కానీ రింగు బిగించినప్పుడు చుట్టూ ఉన్న కణజాలం లోపలికి లాగబడి ధమని మెలిక పడుతుంది. ఎలా జరిగినా గుండె పక్క గోడకి రక్తం ఆగిపోతుంది. ఇది అరుదు. ఇప్పటిదాకా అచ్చయిన అనుభవాల్లో నూటికి ఒకటీ రెండు కంటే తక్కువే. కానీ జరిగిన రోజున ఆపరేషన్ బల్ల మీదే గుండెపోటు వచ్చినట్టు.

అందరికీ ఒకే దారి ఉండదు

పుస్తకాల్లో బొమ్మ ఒకటే ఉంటుంది, మనుషులు మాత్రం రకరకాలు. ముందుగా, జబ్బు గానీ లోపం గానీ కాని ఒక మామూలు తేడా. గుండె వెనక, అడుగు భాగానికి రక్తం అందించే కొమ్మ నూటికి 80 మందికి పైగా కుడి ధమని నుంచి వస్తుంది. పది మంది దాకా సర్కమ్‌ఫ్లెక్స్ నుంచి వస్తుంది. మిగిలినవాళ్లలో రెండూ పంచుకుంటాయి. సర్కమ్‌ఫ్లెక్స్ నుంచి వచ్చేవాళ్లని లెఫ్ట్ డామినెంట్ అని రిపోర్టులో రాస్తారు. వీళ్లలో ఆ ధమని పెద్దది, పొడుగైనది, మైట్రల్ అంచుని ఎక్కువ దూరం అంటిపెట్టుకుని పోతుంది. అందుకే రిపేరులో ధమని దెబ్బతిన్న సందర్భాలు అచ్చయిన చోట లెఫ్ట్ డామినెంట్ గుండెలు వాటి వాటాకి మించి కనిపిస్తాయి. పుట్టుకతోనే అయోర్టిక్ వాల్వుకి మూడు బదులు రెండే రెక్కలున్నవాళ్లలో ఈ ఎడమ ఆధిక్యం కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. అంటే వాల్వు తేడా, ధమని తేడా కొన్నిసార్లు జంటగా పుడతాయి.

నిజమైన అపసవ్యాలు దీని తర్వాత. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 1,26,595 మంది యాంజియోగ్రామ్‌లు తిరగేసి 1990లో లెక్క అచ్చువేశారు. నూటికి 1.3 మందికి కరొనరీ ధమనుల పుట్టుకలోనో దారిలోనో తేడా ఉంది. అందులో సర్కమ్‌ఫ్లెక్స్ కుడి వైపు నుంచి పుట్టినవాళ్లు 0.37 శాతం. అంటే వెయ్యి మందికి ముగ్గురో నలుగురో. అరుదే, కానీ గుంటూరు, విజయవాడల్లో ఏడాది పొడుగునా యాంజియోలు చేసే ఏ క్యాథ్ ల్యాబ్‌కైనా ఇది కొత్త ముఖం కాదు.

కుడి వైపు పుట్టిన సర్కమ్‌ఫ్లెక్స్ ఎడమ గోడకి చేరాలంటే ఎక్కడో ఒకచోట దాటాలి. అది దాదాపు ఎప్పుడూ బృహద్ధమని వెనక నుంచే దాటుతుంది. అక్కడ ఏముంటుందో తెలుసా? ముందు వైపు అయోర్టిక్ వాల్వు అంచు, వెనక మైట్రల్ వాల్వు ముందు అంచు. రెండూ ఒకే నార కణజాలంతో కలిసి ఉండే చోటు అది. ఈ ధమని ఆ రెండు వాల్వుల సందులోంచి పోయి, ఆ తర్వాత మైట్రల్ అంచు బయటి గాడిలోకి తిరుగుతుంది. మామూలు సర్కమ్‌ఫ్లెక్స్ మైట్రల్‌కి ఒక పక్క మాత్రమే పొరుగు. ఇది రెండు వాల్వులకీ పొరుగే.

ఇక్కడే చదివేవాళ్లని తికమక పెట్టే విషయం ఒకటుంది. కరొనరీ అపసవ్యాల్లో గుండె వైద్యులు అసలు భయపడేది వేరే రకానికి. ఎడమ ప్రధాన ధమని కుడి వైపు పుట్టి, బృహద్ధమనికీ ఊపిరితిత్తుల ధమనికీ మధ్య నుంచి పోతే, ఆటలాడే వయసు పిల్లలు మైదానంలో హఠాత్తుగా కుప్పకూలే ప్రమాదం ఉంది. సీటీ రిపోర్టులో దీనికి 'మాలిగ్నెంట్ కోర్సు' అని రాసే అలవాటు ఉంది. అది చూసి క్యాన్సరేమో అనుకుని హడలిపోయిన కుటుంబాలు ఉంటాయి. క్యాన్సర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. బృహద్ధమని వెనక నుంచి పోయే సర్కమ్‌ఫ్లెక్స్‌ని మాత్రం నిరపాయమైనదిగా లెక్కేస్తారు. అది నిజమే. దానితో పుట్టినవాళ్లు పొలం పనులు చేసుకుంటూ, పిల్లల్ని కంటూ, ఆ సంగతే తెలియకుండా ఎనభై ఏళ్లు బతకొచ్చు. ఆ ధమనికి మందు అక్కర్లేదు, ఆపరేషన్ అంతకన్నా అక్కర్లేదు. అయితే వాల్వు సర్జన్ బల్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. కార్డియాలజిస్టు 'ఏం పర్లేదు' అని కొట్టేసిన ధమనే సర్జన్‌కి తలనొప్పి. ఒకే రిపోర్టుని ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా మాట్లాడారని గందరగోళపడేవాళ్లకి జవాబు ఇదే. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు, ఇద్దరి ప్రశ్నలు వేరు.

తెలిసిన సర్జన్ ఏం మారుస్తాడు

ధమని వెనక నుంచి పోతోందని ముందే తెలిస్తే రిపేరు మానుకోవాల్సిన పనిలేదు. చేసే తీరు మారుతుంది. మైట్రల్ అంచు మొత్తాన్ని చుట్టే పూర్తి రింగుకి బదులు, వెనక భాగాన్ని మాత్రమే పట్టే అర్ధచంద్రాకారపు బ్యాండు కొందరు సర్జన్లు ఎంచుకుంటారు. బృహద్ధమని వైపు, అంటే ధమని దాటే వైపు, కుట్లు తగ్గుతాయి. కుట్టు రెక్క మొదలుకి దగ్గరగా, లోతు తగ్గించి వేస్తారు. అవసరమైతే బయటి నుంచి ధమనిని కొవ్వులోంచి విడదీసి, కళ్లతో చూస్తూ పని చేస్తారు. రిపేరు కుదరక వాల్వు మార్చాల్సి వస్తే మరీ పెద్ద సైజు వాల్వుని ఇరికించరు.

అయోర్టిక్ వాల్వు మార్పిడిలో చిక్కు ఇంకో రకం. కొత్త వాల్వు చుట్టూ ఉండే గట్టి అంచు లోపలి నుంచి నొక్కితే, గోడ అవతల పోతున్న ధమని నలుగుతుంది. ఇక కీళ్లవాత జ్వరం వల్ల అయోర్టిక్, మైట్రల్ రెండూ చెడిపోయి రెండూ మార్చాల్సి వచ్చినప్పుడు, ఆ ధమని రెండు గట్టి వలయాల మధ్య ఇరుక్కుంటుంది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే సందర్భం ఇదే. ఎందుకంటే రెండు వాల్వులూ కలిపి మార్చే ఆపరేషన్ మన దేశంలో అరుదేమీ కాదు.

గుండెని ఆపే మందు సంగతి కూడా చెప్పుకోవాలి. దాని గురించి రోగులకి ఎవరూ చెప్పరు. వాల్వు పని జరుగుతున్నంతసేపూ గుండె కదలకుండా ఉండాలి. పొటాషియం ఉన్న ద్రవాన్ని కరొనరీ ధమనుల్లోకి పంపి గుండెని ఆపి, చల్లబరిచి, కాపాడతారు. బృహద్ధమని మొదట్లోకి ఎక్కిస్తే అది అన్ని ధమనుల్లోకీ తనంతట తనే పోతుంది, పుట్టుక ఎటైనా సరే. కానీ అయోర్టిక్ వాల్వు బాగా లీకయ్యేవాళ్లలో ఆ ద్రవం వెనక్కి కారిపోతుంది. అప్పుడు బృహద్ధమనిని తెరిచి ఒక్కో రంధ్రంలో విడివిడిగా సన్నని గొట్టం పెట్టి ఇస్తారు. సర్కమ్‌ఫ్లెక్స్ కుడి ధమని మొదట్లోనే పుట్టిందనుకోండి. ఎడమ రంధ్రంలో ఇచ్చిన మందు ముందు గోడకే చేరుతుంది. కుడి రంధ్రంలో గొట్టం మరీ లోపలికి పోతే సర్కమ్‌ఫ్లెక్స్ మొదలుని దాటేసి అవతల పడుతుంది. పక్క గోడకి ఏ వైపు నుంచీ మందు అందదు. గంటన్నర తర్వాత గుండెని మళ్లీ కొట్టించబోతే ఆ గోడ నీరసంగా ఉంటుంది. ఒక్క కుట్టు కూడా తప్పు పడకుండానే ఇలా జరగొచ్చు. సంగతి ముందే తెలిసిన జట్టు గుండె సిరల వైపు నుంచి, అంటే వెనక దారిలో కూడా మందు పంపి ఈ గండం దాటిస్తుంది. ఒకే రంధ్రం నుంచి ధమనులన్నీ పుట్టే ఇంకా అరుదైన గుండెల్లోనూ ఇదే జాగ్రత్త.

చిన్న వయసు, తీయని యాంజియో

ఇంతసేపూ 'ముందే తెలిస్తే' అంటూ వచ్చాను. ముందే తెలిసేది ఎలా? వాల్వు ఆపరేషన్‌కి ముందు యాంజియో అందరికీ తీయరు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం నలభై దాటిన మగవాళ్లకీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకీ, ఛాతీనొప్పి గానీ గుండె బలహీనత గానీ బ్లాకులకి దారితీసే ఇతర కారణాలు గానీ ఉన్నవాళ్లకీ తీస్తారు. ఎందుకంటే ఆ పరీక్ష ఉద్దేశం బ్లాకులు వెతకడం. చిన్న వయసులో బ్లాకులు అరుదు కాబట్టి తీయకపోవడంలో అర్థముంది.

యూరప్, అమెరికాల్లో మైట్రల్ రిపేరుకి వచ్చేవాళ్లు ఎక్కువగా యాభై, అరవై దాటినవాళ్లు. వాల్వు అరిగి, తంతువు తెగి వస్తారు. వాళ్లకి ఎలాగూ యాంజియో తీస్తారు, ధమని తేడా ఉంటే దాంతోపాటు బయటపడుతుంది. మన దగ్గర కథ వేరు. తెనాలి, నరసరావుపేట, గుడివాడ, నూజివీడు వైపు నుంచి ఆయాసంతో వచ్చే కీళ్లవాత గుండె జబ్బు రోగుల్లో పాతికేళ్ల, ముప్పై ఏళ్ల అమ్మాయిలు కూడా ఉంటారు. చిన్నప్పుడు వచ్చిన గొంతునొప్పి, దాని వెనక కీళ్ల వాపు, మూడు వారాలకోసారి వేయించుకోవాల్సిన పెన్సిలిన్ ఇంజక్షన్ మధ్యలో మానేయడం, అటు తర్వాత పెళ్లి, గర్భం, ఆయాసం. వాల్వు సన్నబడటం మాత్రమే ఉంటే జపాన్ వైద్యుడు కాంజీ ఇనౌయె 1980లలో పరిచయం చేసిన బెలూన్ పద్ధతితో కాలి సిర నుంచి పోయి వెడల్పు చేస్తారు. అందులో కుట్లే ఉండవు, ధమనికి భయం లేదు. లీకు ఎక్కువైతే మాత్రం ఆపరేషనే గతి. వయసు తక్కువ కాబట్టి యాంజియో ఉండదు. ధమని దారి ఎవరికీ తెలియకుండానే ఆమె బల్ల మీదికి వెళుతుంది. నిబంధనలు పాటించినా సరే, సరిగ్గా ఇక్కడే కంత ఉండిపోతుంది. నా అభిప్రాయంలో ఈ విషయం మొత్తంలో మన ప్రాంతం పట్టించుకోవాల్సిన అంశం ఇదొక్కటే.

అయితే అందరికీ యాంజియో తీయాలనడం నా ఉద్దేశం కాదు. ప్రతి వాల్వు రోగికీ ఎకో తీస్తారు కదా, అందులోనే ఆనవాలు దొరకొచ్చు. బృహద్ధమని వెనక నుంచి పోయే ధమని మామూలు ఎకోలో మైట్రల్, అయోర్టిక్ వాల్వుల దగ్గర ఒక సన్నని గొట్టపు గీతలా కనిపిస్తుంది. చూసే కంటికి అలవాటు ఉండాలి. లేకపోతే వాల్వు మీద పేరుకున్న సున్నం అనుకుని వదిలేసే అవకాశం ఉంది. ఆపరేషన్ రోజున గొంతులోంచి ఆహారనాళంలోకి దించి తీసే టీఈఈ ఎకోలో ఇంకా బాగా కనిపిస్తుంది, మత్తు ఇచ్చిన డాక్టరే చాలాసార్లు దాన్ని చూస్తారు. అనుమానం వస్తే సీటీ కరొనరీ యాంజియో దారి మొత్తాన్ని త్రీడీలో చూపిస్తుంది. చేతి సిరలో రంగు ఎక్కించి తీసేస్తారు, ధమనిలోకి గొట్టం పంపే పని లేదు. వాల్వు అంచుకీ ధమనికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లున్నాయో కూడా అందులో కొలవొచ్చు.

జరగరానిది జరిగితే ఎలా తెలుస్తుంది? పని పూర్తయి, హార్ట్ లంగ్ మిషన్ నుంచి గుండెని మెల్లగా విడిపిస్తున్నప్పుడు. ఈసీజీలో గీత లేస్తుంది, లయ తప్పుతుంది, టీఈఈలో పక్క గోడ కదలదు. ఇక్కడో పాత తిరకాసు ఉంది. గుండెలో మిగిలిన గాలి బుడగలు కూడా ధమనిలోకి పోయి ఇలాంటి గీతలే తెస్తాయి. కానీ వెల్లకిలా పడుకున్న మనిషిలో కుడి ధమని రంధ్రం పైవైపు ఉంటుంది కాబట్టి గాలి ఎక్కువగా అటే పోతుంది, అడుగు గోడ మందగిస్తుంది, కాసేపు ఒత్తిడి పెంచి ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. పక్క గోడ మందగించి, ఎంతసేపైనా సర్దుకోకపోతే అనుమానం కుట్టు మీదికే పోవాలి. అప్పుడు ఆలస్యం పనికిరాదు. అనుమానపు కుట్లు తీసి మళ్లీ వేయడం, లేదా కాలి సిరతో ఆ ధమనికి బైపాస్ వేయడం, లేదా క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్లి స్టెంటు వేయడం. ఏది అన్నది అప్పటి పరిస్థితిని బట్టి ఉంటుంది. కొందరిలో ఐసీయూకి వచ్చిన కొన్ని గంటలకి బయటపడుతుంది. బయట కూర్చున్నవాళ్లకి 'మళ్లీ లోపలికి తీసుకెళుతున్నాం' అన్న మాట పిడుగులా ఉంటుంది, కానీ అలా తీసుకెళ్లడమే గుండె కండని దక్కించే పని.

పసిపిల్లల్లో దీనికి పూర్తిగా తిరగబడిన జబ్బు ఒకటుంది. అక్కడ వాల్వు మంచిదే, ధమని దాన్ని చెడగొడుతుంది. ఎడమ కరొనరీ ధమని బృహద్ధమని నుంచి కాకుండా ఊపిరితిత్తుల ధమని నుంచి పుడుతుంది. బోస్టన్ వైద్యులు బ్లాండ్, వైట్, గార్లాండ్ 1933లో దీన్ని వివరించారు. సుమారు మూడు లక్షల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. పుట్టిన కొన్ని వారాలకి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గి, ఆ ధమనిలోకి రక్తం సరిగ్గా పారడం ఆగుతుంది. పాలు తాగుతూ బిడ్డ చెమటలు పట్టి, పాలిపోయి, గుక్కపెట్టి ఏడుస్తుంది. కడుపునొప్పి అనుకుని ఇంట్లో వాము నీళ్లు పట్టేస్తారు. మైట్రల్ వాల్వుని పట్టి ఉంచే కండరానికి రక్తం చాలక వాల్వు లీకవుతుంది. ఎకోలో గుండె ఉబ్బి, వాల్వు లీకుతో కనిపిస్తే, గుండె కండ జబ్బే అని ఆగిపోకుండా ధమని ఎక్కడ పుట్టిందో వెతకడం పిల్లల గుండె వైద్యుల మొదటి పని. ధమనిని తీసి బృహద్ధమనికి అతికిస్తే చాలామంది పిల్లల్లో వాల్వు లీకు నెలల్లో తనంతట తనే తగ్గుతుంది. వాల్వు జోలికి పోవాలా వద్దా అన్నదాని మీద సర్జన్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. జబ్బుకి అసలు చికిత్సే చేయకుండా వదిలేస్తే మాత్రం అధిక శాతం పిల్లలు ఏడాది దాటరు.

ఛాతీ కోయకుండా గొట్టంతో చేసే కొత్త పద్ధతుల్లో ధమని భయం పూర్తిగా పోలేదు, చోటు మారిందంతే. మైట్రల్ రెక్కల్ని క్లిప్పుతో కలిపే పద్ధతి అంచుని తాకదు కాబట్టి సర్కమ్‌ఫ్లెక్స్‌కి బెంగ లేదు. అంచుని బయటి సిరలోంచి బిగించే పరికరాల్లో మాత్రం ఆ సిర కింద నుంచి ధమని పోతుంటే నలగొచ్చు, అందుకే బిగించాక యాంజియో చూసి గానీ వదలరు. అయోర్టిక్ వాల్వుని కాలి ధమని నుంచి మార్చే టావీలో కరొనరీ రంధ్రం వాల్వు అంచుకి ఎంత ఎత్తులో ఉందో సీటీలో కొలుస్తారు. 10, 12 మిల్లీమీటర్ల లోపైతే జాగ్రత్త పడతారు. గుండె కుడి వైపు గదుల మధ్య ఉండే ట్రైకస్పిడ్ వాల్వు అంచు బిగించేటప్పుడు కుడి ధమనికి కూడా ఇలాంటి ముప్పే ఉంది, కాకపోతే ఇంకా అరుదు.

ఇవన్నీ ఎక్కడో మహానగరాల్లోనే సాధ్యమన్న రోజులు పోయాయి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడే చేసింది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం వాల్వు ఆపరేషన్లకీ వర్తిస్తుంది. కాబట్టి మన జిల్లాల్లో ఇప్పుడు సమస్య ఆపరేషన్ దొరకడం కంటే సరైన ప్రశ్న వేయడం. సర్జన్‌ని 'రిస్కు ఎంత శాతం' అని అందరూ అడుగుతారు. దానికి వచ్చే అంకె మీ మనిషి ధమని దారి గురించి ఏమీ చెప్పదు. 'మా అమ్మాయికి ధమనులు ఎటు పుట్టాయో చూశారా సార్, ఎకోలో తెలిసిందా, సీటీ అవసరమా' అని అడగండి. మంచి సర్జన్ దీనికి నొచ్చుకోడు. యాంజియో ఒక ఊళ్లో, ఆపరేషన్ ఇంకో ఊళ్లో అయితే కాగితం ఒక్కటే పట్టుకెళ్లొద్దు, సీడీ కూడా తీసుకెళ్లండి. ధమని వాల్వు అంచుకి ఎంత దగ్గరో బొమ్మలో కనిపిస్తుంది, కాగితం మీద ఉండదు.

రిపేరా, మార్పిడా అన్న చర్చలో ధమని ఒక్కటే తూకం కాదు. కీళ్లవాతంతో రెక్కలు దళసరెక్కి, తంతువులు అతుక్కుపోయిన వాల్వుని రిపేరు చేయడం, వయసు మీద అరిగిన వాల్వుని చేయడం కంటే చాలా కష్టం. కొన్నాళ్లకి మళ్లీ చెడే అవకాశమూ ఎక్కువే. అయినా పిల్లల్ని కనాల్సిన అమ్మాయిల విషయంలో సర్జన్లు రిపేరుకి మొగ్గుతారు. లోహపు వాల్వు పెడితే రక్తం పల్చబడే మందు జీవితాంతం వాడాలి. అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి గర్భం మొదటి నెలల్లో బిడ్డకి హాని చేయగలవు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారై 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు ఖర్చు తగ్గించింది గానీ, ఈ మందు బాధ దానికీ తప్పదు. రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష, ఆకుకూరలు ఒకరోజు బుట్టెడు, ఒకరోజు అసలు లేకుండా కాకుండా ఒకే తీరుగా తినడం, ఇవన్నీ ఇంటి పనిలో భాగమైపోతాయి. ధమని దారి తప్పి ఉందన్న ఒక్క కారణంతో రిపేరు వదిలేసి మార్పిడికి పోవడంలో పెద్దగా లాభం లేదు, ఎందుకంటే మార్చే వాల్వుకీ అదే అంచు మీద కుట్లు కావాలి.

ఆపరేషన్ బాగా జరిగిందనుకుందాం. డిశ్చార్జి కాగితంలో ధమని పుట్టుక గురించి ఒక లైను రాయించుకోవడం మరిచిపోకండి. ఇరవై ఏళ్ల తర్వాత ఛాతీనొప్పితో ఏ రాత్రో వేరే ఊరి క్యాథ్ ల్యాబ్‌కి వెళ్లారనుకోండి. అక్కడి డాక్టరు ఎడమ ధమనిలో రంగు ఎక్కిస్తే ఎల్‌ఏడీ ఒక్కటే కనిపిస్తుంది, సర్కమ్‌ఫ్లెక్స్ ఉండదు. పక్క గోడ ఖాళీగా కనిపిస్తుంది. మొదట్లోనే మూసుకుపోయిందేమో అనుకునే అవకాశం ఉంది, లేదా దాని మొదలు కోసం వెతుకుతూ రంగు మీద రంగు ఎక్కించి కిడ్నీల మీద భారం వేయొచ్చు. కుడి వైపు వెతకండి అని చెప్పే ఆ పాత కాగితం చేతిలో ఉంటే, ఆ వెతుకులాట నిమిషాల్లో తేలిపోతుంది.